దేవరగట్టుకు ఇంగ్లీషులో ఏమని పేరు?

ఏటా దసరా మరుసటి రోజు ఇంగ్లీషు పత్రికల్లో దేవరగట్టు వార్త వస్తుంది. శీర్షిక దాదాపు ఒకటే: స్టిక్ ఫైట్. కాస్త హుషారున్న సబ్ ఎడిటరైతే లాఠీ ఫైట్ అంటాడు, ఇంకాస్త భయపెట్టదలిస్తే ముందు బ్లడీ అని తగిలిస్తాడు. తెలుగు పత్రికలు ‘కర్రల సమరం’ అని ఒక మాట కట్టుకుని దాన్నే పట్టుకు వేలాడుతున్నాయి.

ఇంగ్లండు పల్లెల్లోనూ ఒకప్పుడు కర్రలతో తలపడేవాళ్లు. ఊరికి ఊరు ఎదురు దిగేది, తలలు పగిలేవి. ఒక్కో రకానికి ఒక్కో పేరుండేది. ఆ పేర్లలో సగం ఇవాళ నిఘంటువులు దాటి బయటికి రావు, మిగతా సగం అర్థం మార్చుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి దేవరగట్టు పక్కన పెడితే ఏది అతుకుతుంది? ఈ వ్యాసం అందుకోసమే. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కర్రల మాటల్లో వెతకడమే తప్పుదారి.

గట్టు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆలూరు దాటాక హొళగుంద మండలంలో ఉంది దేవరగట్టు. కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి. మణి, మల్లుడు అనే రాక్షసుల్ని శివుడు భైరవ రూపంలో సంహరించాడని స్థలపురాణం. విజయదశమి రాత్రి స్వామికీ మాళమ్మకూ కల్యాణం జరిపి, ఉత్సవ విగ్రహాల్ని కొండ దింపి ఊరేగిస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం విగ్రహాల చుట్టూ కోట కడతారు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, విరుపాపురం లాంటి ఊళ్ల జనం వాటిని దక్కించుకోవాలని మీదికొస్తారు. విగ్రహాలు ఏ ఊరికి దక్కితే ఆ ఊరికి మేలని నమ్మకం. చేతుల్లో ఇనుప కట్లు వేసిన పొడుగాటి కట్టెలు, దివిటీలు, నోట ‘గోపరాక్’ కేక. రక్షపడ దగ్గర పూజారి తన రక్తం కొంత ధారపోస్తాడు. అక్కడినుంచి జమ్మిచెట్టు, బసవన్న గుడి, భవిష్యవాణి, తెల్లవారేసరికి మళ్లీ కొండ. తగిలిన దెబ్బకు బండారు, అంటే పసుపు, అద్దుకుంటారు. గాయపడినవాళ్లు పదుల్లో ఉండడం ఏటా మామూలే. ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి.

ఈ మొత్తానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు బన్ని. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అందుకే అక్కడి తెలుగులో కన్నడం ఉప్పులా కలిసిపోయి ఉంటుంది. దేవుడూ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవాడే. కర్ణాటకలో మైలారలింగడు, మహారాష్ట్రలో జెజూరి ఖండోబా, వాళ్లందరి కథలోనూ ఈ మణి, మల్లుడే రాక్షసులు, వాళ్లందరి గుళ్లలోనూ పసుపే ప్రసాదం. చూడండి, పేరులో కట్టె లేదు, సమరం లేదు, రక్తం లేదు. ఊరేగింపు చేరాల్సిన చెట్టు ఉంది, అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ఇంగ్లీషు మాటల్లోకి వెళదాం.

కర్రల కుటుంబం పెద్దదే. క్వార్టర్‌స్టాఫ్ అంటే ఆరు నుంచి తొమ్మిది అడుగుల గట్టి దుడ్డు. రెండు చేతులా పట్టి తిప్పేవాళ్లు. 1599లో జార్జ్ సిల్వర్ అనే కత్తిసాము పండితుడు ఇటలీ నుంచి దిగుమతైన సన్నకత్తుల్ని ఈసడించి, ఇలాంటి కర్ర చాలా ఆయుధాల కన్నా మేలని రాశాడు. కొలతను బట్టి చూస్తే దేవరగట్టు కట్టెకు ఇదే దగ్గరి చుట్టం. కడ్జెల్ పొట్టిది, ఒంటిచేతిది. ఇవాళ ఇంగ్లీషులో ఎవరి తరఫునైనా వాదనకు దిగితే కడ్జెల్స్ ఎత్తుకున్నాడంటారు. కర్ర పోయి నోరు మిగిలింది. ట్రంచన్ ఇంకా విచిత్రం. మొదట అది విరిగిన బల్లెపు ముక్క, తర్వాత గద, తర్వాత సేనాపతి చేతి అధికార దండం, చివరికి పోలీసు లాఠీ. పోరులో విరిగిన తునక ప్రభుత్వానికి గుర్తయి కూర్చుంది.

బ్యాక్‌సోర్డ్ కథ వీటికి తిరగేత. అసలర్థం ఒకవైపే పదునున్న కత్తి. ఆ కత్తి సాధన కోసం కర్ర వాడారు, కొన్నాళ్లకు కత్తి మరుగైంది, పేరు మాత్రం కర్రకు దక్కింది. పల్లె తిరునాళ్లలో బ్యాక్‌సోర్డింగ్ పెద్ద వేడుక. థామస్ హ్యూస్ 1857లో రాసిన ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’లో దీని వర్ణన వివరంగా ఉంది. ఇద్దరు మనుషులు, చెరో యాష్ చెట్టు కర్ర, ఎడమ మోచేయి నడినెత్తిని మించి పైకి లేవకుండా ఎడమకాలికి కట్టిన పట్టీ. కనుబొమ్మకు పైన ఎక్కడైనా అంగుళం పొడవున రక్తం కారిందా, ఆట ముగిసినట్టే. ఓల్డ్ గేమ్‌స్టర్ అంటే ఈ ఆటలో ఆరితేరిన పెద్దమనిషి. ఇవాళ గేమ్‌స్టర్ అంటే జూదరి. జోసెఫ్ రైట్ 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాలుగా తెచ్చిన ఇంగ్లీషు మాండలిక నిఘంటువు లాంటిది లేకపోతే ఇలాంటి పల్లె అర్థాలకు దిక్కుండేది కాదు. పట్నపు ఇంగ్లీషు వాటిని ఎప్పుడో వదిలేసింది. ఈ ఆటకు దగ్గరి బంధువైన సింగిల్‌స్టిక్ 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ఒలింపిక్స్ దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

ఈ కుటుంబంలో రక్తం ఉంది, తిరునాళ్లు ఉంది, ఊరి పరువు ఉంది. అయినా దేవరగట్టుకు పనికిరాదు. కారణం ఒకటే చాలు: ఇవన్నీ ఒకడికి ఒకడు. గెలిచినవాడి పేరు తెలుస్తుంది, బహుమానం ముడుతుంది, కొట్టడమే ఆట. బన్ని రాత్రి ఎవరు ఎవర్ని కొట్టారో తెల్లారాక చెప్పగలవాళ్లు తక్కువ. గెలిచిన వస్తాదంటూ ఎవడూ ఉండడు. ఎవరి కట్టె బాగా ఆడిందన్నది అక్కడ లెక్కలోకే రాదు.

ఇక చట్టం మాటలు. పాత ఇంగ్లీషును మనదేశంలో భద్రంగా దాచింది కవులు కాదు, క్రిమినల్ కోర్టులు. మెకాలే బృందం 1837లో చిత్తు రాసిన శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత దాని స్థానంలోకి వచ్చినా మాటలు పెద్దగా మారలేదు. అఫ్రే అంటే ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో బహిరంగ స్థలంలో కొట్టుకుని శాంతికి భంగం కలిగించడం. పాత చట్టంలో 159వ సెక్షన్, కొత్తదాంట్లో 194. పాత ఫ్రెంచిలో ఈ మాటకు మూలం బెదరగొట్టడం. ఇంగ్లీషులో భయపడ్డవాణ్ని అఫ్రెయిడ్ అనేది కూడా ఇందులోంచే. కాబట్టి అఫ్రేలో అసలు నేరం దెబ్బ కాదు, చూసేవాడి బెదురు. దేవరగట్టులో చూసేవాడు బెదరడానికే వస్తాడు, వేలల్లో వస్తాడు.

హర్ట్ అన్న మాట ఇంకా ముచ్చటైనది. దాని పాత ఫ్రెంచి మూలంలో పొట్టేలు తలతో ఢీకొట్టినట్టు కొట్టడం అని అర్థం. ఇవాళ తెలుగు సినిమాల్లో హీరోయిన్ ‘నేను హర్టయ్యాను’ అంటే అందులో పొట్టేలు ఎక్కడా కనబడదు. మెలే అంటే కలగలిసిపోవడం. మధ్యయుగపు టోర్నమెంట్లలో ఒంటరి పోరు కాకుండా గుంపుగా అశ్వికులు ఒకరి మీద ఒకరు పడడాన్ని ఆ పేరుతో పిలిచారు. దీనికి మన దగ్గర సరితూగే పాత మాట ఉంది, దొమ్మి. కావ్యాల్లో సైన్యాలు కలగాపులగమై పోరాడడానికి వాడిన ఈ మాట ఇవాళ ‘దొమ్మీ కేసు’గా పోలీసు స్టేషన్లో బతుకుతోంది. ఇంగ్లీషులో రయట్ అన్నచోట మన ఎఫ్ఐఆర్ దొమ్మీ అంటుంది. రూపం వరకు చూస్తే దేవరగట్టుకు దొమ్మి బాగా నప్పుతుంది. స్వభావం దగ్గరే తేడా కొడుతుంది. దొమ్మికి పక్షాలు ముందే రాసిపెట్టి ఉండవు, దారి ఉండదు, తెల్లారే లోపు చేరాల్సిన చోటంటూ ఉండదు.

చట్టంలోనే ఒక తమాషా ఉంది. అక్రమ సమావేశం కావాలంటే అయిదుగురికి తక్కువ కాకుండా మనుషులు, వాళ్లందరికీ ఒక కామన్ ఆబ్జెక్ట్ ఉండాలి. ఉమ్మడి ఉద్దేశమని మన వకీళ్లు తెలుగు చేస్తారు. అలాంటి ఉద్దేశాల జాబితాలో బలప్రయోగంతో ఆస్తిని స్వాధీనం చేసుకోవడం కూడా ఒకటి. దేవరగట్టులో ఆబ్జెక్ట్ ఉద్దేశమూ అవుతుంది, వస్తువూ అవుతుంది. పల్లకీలో కూర్చుని ఉంటుంది. అదే చట్టంలో ఎదుటి సెక్షనూ ఉంది. సమ్మతితో జరిగే హాని గురించి చెప్పే పాత 87వ సెక్షన్ కింద ఉదాహరణ ఏమిటంటే, ఇద్దరు సరదాకి ఫెన్సింగ్ ఆడుకోవడం. మోసం లేని ఆటలో తగిలిన దెబ్బకు నేరం లేదు. అయితే ప్రాణాలకో తీవ్రగాయానికో దారితీస్తుందని తెలిసి చేసేదానికి ఈ మినహాయింపు చెల్లదు. ఇనుప కట్లు వేసిన కట్టె ఆ గీత ఇవతల ఉంటుందో అవతల ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఫెన్స్ అన్నది డిఫెన్స్ మాటకు తల తెగ్గా మిగిలిన మొండెం. రక్షణ అని అర్థం. కత్తిసాముకూ అదే మాట, కంచెకూ అదే. మన పొలాల్లో ఫెన్సింగ్ వేయించామంటే ముళ్లతీగే.

ఇప్పుడు అసలైన చిక్కుముడికి వద్దాం. కర్నూలు జిల్లా, రాత్రిపూట, ఊళ్లకు ఊళ్లు, తలలు పగలడం అన్నాక బయటివాడి నోట ముందుగా వచ్చే మాట ఫ్యాక్షన్.

ఈ మాట బతుకు చాలా పొడుగు. లాటిన్‌లో ఫాక్షియో అంటే చేయడం, కలిసి చేసేవాళ్ల జట్టు. ఈ ఒక్క మాటే ఫ్రెంచి దారిన వచ్చి ఇంగ్లీషులో ఫ్యాషన్ అయింది, తిన్నగా వచ్చి ఫ్యాక్షన్ అయింది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. రోములో రథాల పందేల జట్లను ఈ మాటతోనే పిలిచేవాళ్లు: ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. కాన్‌స్టాంటినోపుల్‌లో నీలం, ఆకుపచ్చ జట్ల అభిమానులు 532లో చక్రవర్తి మీదే తిరగబడి సగం నగరాన్ని తగలబెట్టారు. ఆ తిరుగుబాటుకు నికా అని పేరు. అంటే మొదట్లో ఫ్యాక్షన్ అన్నది మనకు క్రికెట్ జట్టులాంటిది.

దేవరగట్టు దృష్టితో చూస్తే రోము కన్నా ఐర్లండు ముఖ్యం. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అక్కడ ఫ్యాక్షన్ ఫైట్ అంటే రెండు వంశాలో రెండు ప్రాంతాల జనమో సంతలోనో తిరునాళ్లలోనో కర్రలతో తలపడడం. ప్యాటర్న్ అంటే ఊరి రక్షక పునీతుడి ఉత్సవం. పేట్రన్ అన్న మాట అక్కడి నోట అలా నలిగింది. కర్రకు షిలేలీ అని పేరు, విక్లో జిల్లాలోని ఒక ఊరి పేరది. పోరుకు ముందు పేర్లు కేకేస్తూ ఎదుటివాణ్ని రెచ్చగొట్టడాన్ని వీలింగ్ అనేవాళ్లు. కోటు నేల మీద ఈడ్చుకుంటూ తిరిగితే, దమ్మున్నవాడు దాన్ని తొక్కాలి. కోటు ఈడవడమంటే కయ్యానికి కాలుదువ్వడం అనే నుడికారం ఇంగ్లీషులోకి ఇక్కడినుంచే వచ్చింది. మన ఫ్యాక్షన్ సినిమాల్లో తొడ కొట్టడం చేసే పని అదే. మన్‌స్టర్‌లో కారవాట్లు, షానవెస్టులు అని రెండు ఫ్యాక్షన్లు 1806 నుంచి కొన్నేళ్లు కొట్టుకున్నాయి. 1834 జూన్ 24న కెర్రీ జిల్లా బాలీయా తీరంలో గుర్రప్పందేల నాడు జరిగిన పోరులో ఇరవై మంది దాకా పోయారు. అందులో చాలామంది మునిగి చచ్చినవాళ్లు.

ఐరిష్ రచయిత విలియం కార్ల్‌టన్ 1830 నాటి కథల్లో ఒక తేడా చూపించాడు. ఫ్యాక్షన్ ఫైట్ వంశాలది, సంతోషంగా దిగుతారు. పార్టీ ఫైట్ మతాలది, మౌనంగా దిగుతారు, చంపడానికే దిగుతారు. ఇప్పుడు దీన్ని సీమ తెలుగుతో పోల్చండి, సరిగ్గా తలకిందులు. మన ఊళ్లలో ‘పార్టీ’ అనేది ఓటుకూ పంచాయతీకీ సంబంధించిన తేలికపాటి మాట. ఫ్యాక్షన్ అంటే బాంబు, వేటకొడవలి, తరాల కక్ష, ఊరొదిలి పోయిన కుటుంబాలు. కార్ల్‌టన్ పార్టీ అన్నది మన ఫ్యాక్షన్, కార్ల్‌టన్ ఫ్యాక్షన్‌కు మన దగ్గర మాటే లేదు. అదీ చిక్కు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక ఈ మాట అర్థం తెలుగునాట మరీ బిగుసుకుపోయింది. దత్తమండలాలకు మన్రో కలెక్టరుగా వచ్చేనాటికి ఎనభై మంది పాలెగాళ్లు ఉన్నారని, ఈ కక్షలకు వేరు అక్కడుందని చెప్పేవాళ్లున్నారు. నాకది సగమే నమ్మబుద్ధవుతుంది. పాలెగాడి కోట కూలి నూటయాభై ఏళ్లు గడిచాక సారా వేలంపాట కోసం, రోడ్డు కాంట్రాక్టు కోసం పుట్టిన కక్షను కూడా పాలెగాడి ఖాతాలో రాస్తే మధ్యలోవాళ్లందరూ తప్పించుకుపోతారు.

కాబట్టి ఐర్లండు అర్థంలో చెప్పాలంటే దేవరగట్టు ఫ్యాక్షన్ ఫైటే. ఉత్సవం ఉంది, ఊళ్ల జట్లు ఉన్నాయి, కర్ర ఉంది, కేక ఉంది. కానీ ఆ మాట కర్నూలు జిల్లాలో వాడితే చదివేవాడు వేరే దృశ్యం చూస్తాడు. బన్నికి ముందు ఊళ్లవాళ్లు పాలు ముట్టుకుని బాస చేస్తారు. పాత కక్షలు ఆ చీకట్లో కొన్ని తీరుతుంటాయన్న మాట లేకపోలేదు. అయినా రివాజు ప్రకారం ఆ రాత్రి తగిలిన దెబ్బకు పగలు లెక్క అడగకూడదు. లెక్క రాసిపెట్టుకోవడమే పునాదిగా గల ఫ్యాక్షన్‌కు ఇది పూర్తిగా ఎదురు.

మరి ఏది అతుకుతుంది? ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌కు వెళ్లాలి. రిచర్డ్ కేర్యూ అనే జమీందారు 1602లో ‘సర్వే ఆఫ్ కార్న్‌వాల్’ అచ్చువేశాడు. అందులో హర్లింగ్ అనే ఆటను తీరిగ్గా వర్ణించాడు. వెండి తొడుగు బంతి ఒకటి. దానికోసం రెండు మూడు ఊళ్లు ఒక పక్షం, ఇంకో రెండు మూడు ఊళ్లు ఎదుటి పక్షం. గమ్యం మైళ్ల దూరంలో ఉండే ఒక పెద్దింటి వాకిలో ఊరో. కొండలు, కంచెలు, వాగులు, బురద అన్నీ దాటుకుంటూ బంతిని చేర్చాలి. దీన్ని ఊళ్లమీది ఆట అన్నారు, మైదానంలో ఆడేదాన్ని వేరుగా పిలిచారు. ఆట ముగిశాక జనం నెత్తురోడే తలలతో, విరిగిన ఎముకలతో ఇళ్లకు చేరేవాళ్లని, అయినా అదంతా ఆటేనని, వకీలుకూ క్రౌనరుకూ ఏ పనీ పడేది కాదని కేర్యూ రాశాడు. క్రౌనర్ అంటే ఇప్పటి కారొనర్, అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి.

ఈ ఆట ఎముక పట్టుకుని చూడండి. నడిమధ్యన ఒక వస్తువు. దాన్ని కాచేవాళ్లు, లాక్కునేవాళ్లు. ఎవరు ఏ పక్షమో పుట్టుకతోనే తేలిపోవడం. కచ్చితమైన రోజు. చేరాల్సిన చోటు. దెబ్బ అన్నది ఉద్దేశం కాదు, పెనుగులాటలో తగిలేది. దేవరగట్టులో ఉన్నదీ ఇదే. కట్టె తీసేసినా బన్ని బన్నే, విగ్రహం తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. పోలీసులు ఏటా ముందునుంచే చెక్‌పోస్టులు పెట్టి కట్టెలు పట్టుకుంటున్నా ఉత్సవం ఆగకపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

హర్లింగ్‌కు చుట్టాలు ఇంకా బతికే ఉన్నారు. డెర్బీషైర్ జిల్లా ఆష్‌బోర్న్‌లో ఊరి మధ్య వాగుకు ఏ ఒడ్డున పుట్టావన్నదే జట్టు. ఆర్క్‌నీ దీవుల్లో కిర్క్‌వాల్ బా ఆటలో పైవాళ్లు, కిందివాళ్లు. లింకన్‌షైర్‌లో హ్యాక్సీ హుడ్ అని జనవరి 6న ఒక తోలుగొట్టం కోసం గంటల తరబడి తోపులాట. ఆ గుంపుకు స్వే అని పేరు. ఊగడం అని మామూలు అర్థమున్న ఈ మాట అక్కడ ఊగే జనం ముద్దకు నామవాచకమైంది. ఇవన్నీ తరచి చూస్తే కార్న్‌వాల్ హర్లింగ్‌లో కర్రే లేదు. ఇవాళ హర్లింగ్ అనగానే లోకానికి గుర్తొచ్చే ఐర్లండు ఆటలో మాత్రం కర్ర తప్పనిసరి. ఒకే మాట, కర్ర ఉన్నదానికీ లేనిదానికీ. కర్రను బట్టి ఆటను గుర్తుపట్టకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఊరేగింపు వైపు నుంచి చూసేవాళ్లకు ఇంకో పాత మాట ఉంది, గ్యాంగ్ డేస్. పాత ఇంగ్లీషులో గ్యాంగ్ అంటే నడక. ఏసు ఆరోహణ పండుగకు ముందు మూడు రోజులు చర్చి జనం శిలువ పట్టుకుని ఊరి ఎల్లలు తిరిగేవాళ్లు, చేతుల్లో సన్నటి బెత్తాలతో సరిహద్దు రాళ్లను కొట్టేవాళ్లు. ఎల్ల గుర్తుండాలని పక్కనున్న పిల్లలకు కూడా రెండు తగిలించేవాళ్లు. గ్యాంగ్ అంటే రౌడీమూక అని మాత్రమే తెలిసిన మనకు అందులో పూజారి ఉండేవాడంటే నవ్వొస్తుంది. కొండ దిగి, రక్షపడ మీదుగా, జమ్మిచెట్టు చుట్టి తిరిగొచ్చే స్వామి నడకకు ఈ మాట కొంత పనికొస్తుంది. కొంతే. అక్కడ దారికి అడ్డం పడేవాడు లేడు.

హర్లింగ్‌లోనూ లోటు లేకపోలేదు. వెండి బంతికి పెళ్లి చేయరు. దాని ముందు ఎవరూ రక్తం ధారపోయరు, దాన్ని మోసేవాళ్లు బాస చేయరు. కేర్యూ చెప్పిన చివరి మాట కూడా ఇక్కడ చెల్లదు. దేవరగట్టులో వకీలుకూ పని పడుతుంది, క్రౌనరుకూ పడుతుంది. మనకు ఆ పేరుగల అధికారి లేకపోయినా పోలీసులు, వైద్యులు, పంచనామా ఉన్నాయి. ఏటా నిషేధాజ్ఞలు, డ్రోన్లు, కొండ కింద వైద్య శిబిరం, అక్కడ కుదరని కేసులు ఆదోని ఆసుపత్రికి. నాలుగు వందల ఏళ్ల కిందటి జమీందారు తన ఊళ్లవాళ్ల దెబ్బల్ని మురిపెంగా రాసుకోగలిగాడంటే ఆ దెబ్బలు ఆయన తలకు తగలకపోవడం కూడా ఒక కారణం.

శీర్షికలో హర్లింగ్ అని వేస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు, అది నాకూ తెలుసు. పోల్చి చూడడానికే ఆ మాట, అద్దె ఇల్లుగా వాడుకోవడానికి కాదు. జల్లికట్టును ఇంగ్లీషు పత్రికలు జల్లికట్టు అనే రాస్తున్నాయి. లాఠీ అన్న మాటా అలాగే ఆ భాషలో చేరి కూర్చుంది. బన్నికీ అదే మర్యాద దక్కాలి. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. గుజరాత్ కచ్ ప్రాంతంలో బన్ని అనే పెద్ద గడ్డిమైదానం ఉంది, అక్కడి గేదెల జాతికీ అదే పేరు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే కుందేలు పిల్ల గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు. కాబట్టి సబ్ ఎడిటర్ ‘దేవరగట్టు బన్ని’ అని రెండు మాటలకు చోటు చేసుకోవాలి.